రెండు లక్షల కిలోమీటర్లు దాటిన చవక కారు: ముందు కొలవండి, తర్వాతే మార్చండి

#1 పాతబండి

బాగా తిరిగిన చవక కారు ఇంటికి రాగానే చాలామంది చేసే మొదటి పని ప్లగ్గులు, కాయిల్స్, సెన్సర్లు కొనడం. డబ్బు అయిపోతుంది, బండి మాత్రం వణుకుతూనే ఉంటుంది. ఇలాంటి బండికి మొదటి ఖర్చు విడిభాగాల మీద కాదు, కొలిచే సాధనాల మీద పెట్టాలి. కంప్రెషన్ గేజ్ (సిలిండర్లో ఒత్తిడి కొలిచేది), మల్టీమీటర్, ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే రేకులు), లైవ్ డేటా చూపించే స్కానర్, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే పానా) ఉంటే ఇంట్లో చేయదగ్గ పనిలో ముప్పాతిక వంతు ఊహలతో పని లేకుండా తేలిపోతుంది.

స్టార్ట్ చేయకముందే రెండు చూడాలి. ఒకటి, డిప్‌స్టిక్ మీద ఆయిల్. పాలు కలిపిన కాఫీలా ఉంటే తాళం తిప్పకండి, నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది. ఆయిల్ మూత అడుగున మాత్రమే కాస్త తెల్లటి జిగురు ఉంటే భయపడనక్కర్లేదు. దగ్గర దూరాలే తిరిగే బండిలో చెమ్మ వల్ల కూడా అలా అవుతుంది.

రెండోది టైమింగ్ బెల్ట్, అంటే కింద పిస్టన్లతో తిరిగే క్రాంక్‌నూ పైన వాల్వులు తెరిచే క్యామ్‌నూ కలిపే పట్టీ. మార్చినట్టు కాగితం లేకపోతే మార్చనట్టే లెక్క. చాలా ఇంజిన్లలో పిస్టన్ పైకి వచ్చే చోటికే వాల్వు కూడా దిగుతుంది. బెల్ట్ తెగిన క్షణంలో రెండూ గుద్దుకుని వాల్వులు వంగుతాయి. బెల్ట్ కొత్తది వేశాక తాళం తిప్పే ముందు క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ వేసి, ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. అప్పుడు గుర్తులన్నీ మళ్లీ ఎదురెదురుగా రావాలి. మధ్యలో గట్టిగా తగిలితే బలం చేయకుండా అక్కడే ఆగండి.

ఎవరి బండిలో ఏముందో రాయండి, వరసగా చూద్దాం.

#2 కొత్తపానా

నమస్తే అండీ. 1.2 లీటర్ పెట్రోల్, 4 సిలిండర్లు, 2,14,000 కిలోమీటర్లు. ఐడిల్‌లో బాగా వణుకుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ లేదు. స్కానర్‌లో పీ0303, పీ0304 (3, 4 సిలిండర్లు సరిగా మండటం లేదని చెప్పే కోడ్‌లు) వస్తున్నాయి. ప్లగ్గులు కొత్తవి వేశాను. 3వ సిలిండర్ కాయిల్ తీసి 1కి, 1ది 3కి వేసి చూశాను, కోడ్ మారలేదు. కూలెంట్ వారానికి కప్పుడు తగ్గుతోంది కానీ కింద ఎక్కడా తడి లేదు. తర్వాత ఇంజెక్టర్లు మార్చాలా?

#3 టార్క్‌రెంచ్

వద్దండీ. కాయిల్ మార్చినా కోడ్ 3లోనే ఉందంటే మంట పుట్టించే వైపు తప్పు లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు, దానికి తోడు కనిపించకుండా పోతున్న కూలెంట్. కంప్రెషన్ చూడకుండా ఇంకేమీ కొనకండి.

ఇంజిన్ వేడెక్కాక ఆపండి. ప్లగ్గుల గుంతల్లో దుమ్ము, ఇసుక ఉంటాయి కాబట్టి విప్పే ముందు గాలితో ఊదండి, లేకపోతే అదంతా సిలిండర్లో పడుతుంది. నాలుగు ప్లగ్గులూ తీయాలి. ఒక్కటి తీసి ఒక్కదాన్ని చూస్తే ఇంజిన్ మెల్లగా తిరిగి రీడింగ్ తప్పు వస్తుంది. ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్, కాయిల్స్ కనెక్టర్లు పీకేయండి. గేజ్ రబ్బరు వాషర్ సరిగా కూర్చునేలా చేత్తోనే బిగించండి. ఇంకొకర్ని కూర్చోబెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించండి. థ్రాటిల్ మూసుకుని ఉంటే సిలిండర్లోకి గాలి రాదు, అన్నీ తక్కువ చూపిస్తాయి. ముల్లు 5 లేదా 6 సార్లు ఎగిరేదాకా సెల్ఫ్ కొట్టండి. అన్నిటికీ అదే లెక్క.

మొదటి ఎగురుకు ఎంత వచ్చిందో కూడా రాసుకోండి. బాగున్న సిలిండర్ మొదటి దెబ్బకే సగం దాటుతుంది. రింగులు అరిగినది మెల్లమెల్లగా ఎక్కుతుంది.

తర్వాత ఒక్కో సిలిండర్లో ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. ఆయిల్ పోశాక అంకె బాగా పెరిగితే గాలి రింగుల పక్క నుంచి పోతున్నట్టు. పెరగకపోతే వాల్వులు గానీ హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) గానీ. ఆయిల్ అంతకంటే ఎక్కువ పోయకండి, జాగా నిండి అంకె అబద్ధం చెబుతుంది.

#4 వోల్ట్‌మీటర్

దీనికి ముందు ఒక మాట. బ్యాటరీ నీరసంగా ఉంటే పై లెక్కంతా వృథా. ఆపి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందకు పడకూడదు.

పాత బండ్లలో బ్యాటరీ బాగున్నా సెల్ఫ్ ఏడుస్తూ తిరుగుతుంది. కారణం ఎర్త్ తీగ. మీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ గుబ్బ మీద (క్లాంపు మీద కాదు, సీసపు గుబ్బ మీదే), రెండోది ఇంజిన్ బ్లాక్ మీద పెయింట్ లేని చోట పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే మంచిది. 0.5 దాటితే ఎర్త్ తీగ విప్పి, కింది ఇనుము మెరిసేదాకా గీకి, తిరిగి బిగించండి. సెల్ఫ్ మోటారు మార్చాలనుకున్న బండ్లు చాలా దీంతోనే బాగుపడతాయి.

#5 కొత్తపానా

చూశాను. బ్యాటరీ 12.5, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.4. ఎర్త్ 0.15.

పొడిగా: 172, 168, 105, 108 పీఎస్ఐ.
ఆయిల్ పోశాక: 180, 175, 110, 112.

#6 పాతబండి

దాదాపు తేలిపోయింది. సిలిండర్ల మధ్య తేడా 10 నుంచి 15 శాతం దాకా ఉండొచ్చు. ఇక్కడ దగ్గర దగ్గర 40 శాతం. ఆయిల్ పోసినా పెద్దగా పెరగలేదు కాబట్టి రింగులు కావు. పక్కపక్కన రెండు సిలిండర్లు ఒకే అంకె దగ్గర ఆగడమంటే ఒకదాని గాలి ఇంకొకదాంట్లోకి పోతున్నట్టు. 3కి 4కి మధ్య హెడ్ గాస్కెట్ కాలిపోయి ఉండాలి.

హెడ్ విప్పే ముందు ఇంకో రుజువు తీసుకోండి. 3వ సిలిండర్ కంప్రెషన్ మీద పైకి వచ్చిన చోట ఆపి, ప్లగ్గు రంధ్రం గుండా కంప్రెసర్ గాలి ఎక్కించండి. గాలి పిస్టన్‌ను తోసి క్రాంక్ గిర్రున తిరగొచ్చు. క్రాంక్ బోల్టు మీద పానా గానీ చెయ్యి గానీ ఉంచవద్దు. 4వ ప్లగ్గు రంధ్రం దగ్గర చెవి పెడితే బుస్సుమని వినిపిస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 1-3-4-2 వరసలో పేలే ఇంజిన్‌లో 3వది పైన ఉన్నప్పుడు 4వది గాలి పీల్చుకోవడం ముగించే చోట ఉంటుంది, దాని ఇన్‌టేక్ వాల్వు ఇంకా పూర్తిగా మూసుకోదు. అందుకని థ్రాటిల్ దగ్గర కూడా గాలి వినిపిస్తుంది. అది విని 3వ దాని ఇన్‌టేక్ వాల్వు పోయిందని అనుకోకండి. ముందు 4వ రంధ్రం వినండి.

కూలెంట్ సంగతికి నీలం ద్రవంతో వచ్చే టెస్టర్ ఉంది. రేడియేటర్ మూత స్థానంలో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా పై గాలిని ఆ ద్రవం గుండా లాగాలి. నీలం పసుపు అయితే మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తోంది. కూలెంట్ మట్టం ముందే కాస్త తగ్గించుకోండి. కూలెంట్ చుక్క టెస్టర్‌లోకి వచ్చిందా, ఆ ద్రవం పాడైనట్టే.

#7 సెకండ్‌గేర్

హెడ్ విప్పకుండా రేడియేటర్‌లో పోసే సీలర్ సీసాలు ఉంటాయి కదా, వాటితో కొన్నాళ్లు నెట్టుకురావచ్చా?

#8 పాతబండి

ఈ బండికి అసలు పనికిరాదు. ఆ సీలర్ కూలెంట్‌తో పాటు తిరిగి, కూలెంట్ కారే చోట గడ్డకట్టాలి. రెండు సిలిండర్ల మధ్య సన్నటి గోడ మీద గాస్కెట్ కాలితే అక్కడి మంటకూ ఒత్తిడికీ సీలర్ నిలవదు. అది చేరేది హీటర్ కోర్, రేడియేటర్ సన్న గొట్టాల్లోకి. తర్వాత బండి వేడెక్కడం మొదలవుతుంది, కొత్త గాస్కెట్ కూడా పోతుంది.

#9 కొత్తపానా

4వ రంధ్రంలో గట్టిగా బుస్సుమంది. ద్రవం ఆకుపచ్చ దాటి పసుపుకు వచ్చింది. హెడ్ విప్పుతున్నాను. ముందే తెలుసుకోవాల్సినవి చెప్పండి.

#10 టార్క్‌రెంచ్

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, రాత్రంతా వదిలేస్తే మేలు. వేడి మీద బోల్టులు వదిలితే అల్యూమినియం హెడ్ వంగుతుంది.

ఒక అట్టముక్క తీసుకుని దాని మీద హెడ్ బొమ్మ గీసి, ప్రతి బోల్టూ ఏ చోట నుంచి తీశారో అదే చోట అట్టకు గుచ్చండి. టైమింగ్ కవర్ బోల్టులకు ఇంకో అట్ట. పైకి ఒకేలా కనిపించే బోల్టుల పొడవులో 5 మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. పొడవుది పొట్టి రంధ్రంలో వేసి బిగిస్తే కొస అడుగున తగిలి అల్యూమినియం పగులుతుంది.

బెల్ట్ తీసే ముందు 1వ సిలిండర్ పైన ఉండే గుర్తులు కలిపి, ఫోటోలు తీసి, పాత బెల్ట్ మీదా పుల్లీల మీదా తెల్ల పెయింటుతో గీతలు పెట్టండి. బెల్ట్ తీశాక హెడ్ ఇంకా బండి మీద ఉండగా క్రాంక్ తిప్పకండి.

హెడ్ బోల్టులు బయటి కొసల నుంచి మధ్యకు, ఒక్కొక్కటీ పావు చుట్టు చొప్పున రెండు మూడు దఫాల్లో వదలండి. ఒకటి పూర్తిగా విప్పి ఇంకోదానికి పోవద్దు. అన్నీ తీశాక హెడ్ అంటుకుని ఉంటే గాస్కెట్ సందులో స్క్రూడ్రైవర్ దూర్చకండి. ఒక్క గీత చాలు, మళ్లీ లీకే. మానిఫోల్డ్ బిగించే చోట చెక్కతో పైకి లేపండి. హెడ్ తీశాక బల్ల మీద ముఖం కిందకు పెట్టవద్దు. క్యామ్ ఉన్న హెడ్‌లో రెండు మూడు వాల్వులు తెరుచుకుని బయటికి పొడుచుకు ఉంటాయి, బరువంతా వాటి మీద పడి వంగుతాయి. రెండు చెక్కముక్కల మీద ఆనించండి.

#11 జిడ్డుచేతులు

హెడ్ బోల్టుల కంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టడ్లే ఏడిపిస్తాయి. రెండు లక్షల కిలోమీటర్ల వేడికి నట్టూ స్టడ్డూ ఒకటే ముక్క అయిపోతాయి. తుప్పు వదిలించే ఆయిల్ ముందు రోజు సాయంత్రం ఒకసారి, ఉదయం ఒకసారి కొట్టండి. దొరక్కపోతే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, ఎసిటోన్ సగం సగం కలుపుకోవచ్చు. వాడిన ప్రతిసారీ సీసా కుదపాలి, రెండూ విడిపోతుంటాయి. మంటకు దూరంగా ఉంచండి, ఎసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

ఆరు మూలల సాకెట్టే వాడండి. పన్నెండు మూలలది తుప్పు పట్టిన నట్టును గుండ్రంగా చేసేస్తుంది. ముందు విప్పే దిశలో లాగకండి, బిగించే దిశలో కొద్దిగా కదిపి చూడండి. టిక్ మని తుప్పు పట్టు వదిలాక విప్పండి. అర చుట్టు విప్పి పావు చుట్టు బిగిస్తూ, ఆయిల్ కొడుతూ రావాలి. నట్టు మెత్తగా, రబ్బరులా తిరుగుతోందంటే అది విడివడటం లేదు, స్టడ్డే మెలితిరుగుతోంది. అక్కడితో ఆపి నట్టును మాత్రం వేడి చేయండి. వేడి నట్టు మొదట్లో మైనపు వత్తి ఆనిస్తే మైనం మరల సందుల్లోకి పాకుతుంది. వేడి చేసేటట్టయితే ఎసిటోన్ కలిపినది ఆ చుట్టుపక్కల కొట్టి ఉండకూడదు.

#12 కొత్తపానా

హెడ్ వచ్చేసింది. గాస్కెట్ మీద 3, 4 మధ్య స్టీలు అంచు నల్లగా కాలి, చిటికెన వేలి గోరు వెడల్పున తెగిపోయింది. 4వ పిస్టన్ తల మిగతా వాటిలా నల్లగా లేదు, కడిగినట్టు శుభ్రంగా ఉంది.

స్టీలు స్కేలు నిలువునా పెట్టి ఫీలర్ గేజ్‌తో చూస్తే హెడ్ మధ్యలో 0.08 మిల్లీమీటర్ల ఆకు దూరుతోంది. బ్లాక్ మీద 0.03 కూడా దూరడం లేదు. మాన్యువల్‌లో హద్దు 0.05 అని ఉంది.

#13 పాతబండి

శుభ్రంగా ఉన్న పిస్టన్ అంటే కూలెంట్ ఆవిరి దాన్ని కడిగిందన్నమాట. తగ్గిన కూలెంట్ అక్కడికే పోయింది.

స్కేలు నిలువు, అడ్డం ఒక్కటే కాదు, రెండు ఐమూలల్లోనూ పెట్టి చూడండి. ఎలాగూ 0.08 హద్దు దాటింది. హెడ్‌ను లేత్ పనివాళ్ల దగ్గర ఫేసింగ్ (ముఖాన్ని సమంగా చెక్కడం) కొట్టించాలి. ఇంట్లో గాజు పలక మీద ఎమరీ కాగితంతో రుద్దే పద్ధతి ఉంది కానీ పొరల స్టీలు గాస్కెట్‌కు ఆ నునుపు చాలదు. మాన్యువల్‌లో హెడ్ కనీస ఎత్తు ఇస్తారు, ఫేసింగ్‌కు ముందు కొలిచి ఇంకెంత తీయొచ్చో చెప్పి పంపండి. ఎక్కువ తీస్తే వాల్వు పిస్టన్‌కు దగ్గరవుతుంది.

బ్లాక్ పైభాగం మీరే శుభ్రం చేయాలి. డ్రిల్లుకు పెట్టే గరుకు డిస్కులు వాడకండి. వాటి నుంచి రాలే పొడి అల్యూమినియం ఆక్సైడ్. అది ఆయిల్‌లో కలిసి కొన్ని వందల కిలోమీటర్లలోనే బేరింగులను గీకేస్తుంది. ప్లాస్టిక్ గీకుడు ముక్క, గాస్కెట్ కరిగించే ద్రవం, ఓపిక, అంతే. ఆయిల్ దారులు, కూలెంట్ రంధ్రాలన్నిటికీ గుడ్డముక్కలు కుక్కండి. ఎన్ని కుక్కారో లెక్క రాసుకుని అన్నీ తీయండి.

పిస్టన్ మీద మసి తీయాలనుకుంటే పిస్టన్‌ను పైకి తెచ్చి, దానికీ సిలిండర్ గోడకూ మధ్య సందులో గ్రీజు రాయండి. రాలిన మసి గ్రీజులో చిక్కుకుంటుంది. తర్వాత పిస్టన్‌ను కిందకు దించి గోడకు మిగిలిన గ్రీజు వలయాన్ని తుడిచేయండి.

#14 టార్క్‌రెంచ్

హెడ్ చేతిలో ఉండగానే రెండు పనులు. ప్లగ్గులు బిగించి హెడ్ తలకిందులుగా సమంగా పెట్టి, ఛాంబర్లలో కిరోసిన్ నింపండి. పది నిమిషాల్లో పోర్టుల వైపు చెమ్మ రాకూడదు. వస్తే ఆ వాల్వు గ్రైండింగ్ పేస్టుతో కూర్చోబెట్టాలి. క్యామ్ నొక్కి ఉంచిన వాల్వు ఎలాగూ కారుతుంది కాబట్టి ఇది క్యామ్ తీశాకే చేయాలి.

రెండోది, వాల్వు స్టెమ్ సీళ్లు. ఈ వయసు బండిలో రబ్బరు గట్టిపడి గాజులా ఉంటుంది. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ ఒక్కసారి వచ్చి పోతే అది సీళ్లదే. తొక్కినప్పుడల్లా వస్తే రింగులది. కొత్త సీలుకు ఆయిల్ రాసి, స్టెమ్ కొసన లాక్ గాడి మీద ప్లాస్టిక్ తొడుగు వేసి దించండి. తొడుగు లేకుండా దించితే గాడి అంచు సీలు పెదవిని కోస్తుంది. కొత్త సీళ్లు వేసినా పొగ తగ్గలేదని చెప్పే చోట్ల చాలాసార్లు ఇదే జరిగి ఉంటుంది.

#15 సెకండ్‌గేర్

గాస్కెట్ ఊరికే కాలదు, హెడ్ ఊరికే వంగదు. ఎప్పుడో వేడెక్కింది. ఆ కారణం పట్టుకోకుండా బిగిస్తే మళ్లీ ఇదే పని చేయాలి.

థర్మోస్టాట్‌ను దారంతో కట్టి నీళ్ల గిన్నెలో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి కాచండి. గిన్నె అడుగుకు తగలకూడదు. దాని మీద చెక్కిన అంకె, 82 గానీ 88 గానీ, ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. సగంలో ఆగితే పారేయండి. నా వరకు ఇంత పని చేశాక అది బాగున్నా కొత్తదే వేస్తాను.

రేడియేటర్ మూత చిన్నదని వదిలేయకండి. 50:50 కూలెంట్ 1 బార్ ఒత్తిడిలో దాదాపు 129 డిగ్రీల దాకా మరగదు. మూత స్ప్రింగు నీరసించి ఒత్తిడి పట్టకపోతే హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ అంతకంటే చాలా ముందే బుడగలు పుడతాయి. బుడగ ఉన్న చోట లోహానికి చల్లదనం అందదు. మూత మీద 0.9 అనో 1.1 అనో ఉంటుంది, అదే అంకెది వేయండి.

వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. దాని చుట్టూ ఎండిన రంగు మరక కనిపిస్తే లోపలి సీలు పోయింది. టైమింగ్ బెల్టే పంపును తిప్పే ఇంజిన్ అయితే పంపు, టెన్షనర్, బెల్ట్ కలిపి మార్చండి. ఫ్యాన్ మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా తీగ ఇచ్చి తిప్పి చూడండి. రేడియేటర్‌కు, ఏసీ కండెన్సర్‌కు మధ్య టార్చి వేస్తే ధూళి, పురుగులు దుప్పటిలా పేరుకుని ఉంటాయి. తక్కువ ఒత్తిడి నీళ్లతో ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగండి.

కూలెంట్ డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలి. రెండు రకాల కూలెంట్లు కలపవద్దు, కొన్ని జంటలు జిగురు కడతాయి. కింద పోసిన కూలెంట్ వెంటనే కడిగేయండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకి చచ్చిపోతాయి.

#16 బ్రేక్‌షూ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ముందు ఎడమ చక్రం పది కిలోమీటర్లకే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. క్యాలిపర్ మార్చాలా?

#17 జిడ్డుచేతులు

కొనే ముందు ఒక్క నిమిషం పని ఉంది. బండిని స్టాండు మీద నిలబెట్టి (జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకుని కింద దూరకండి) బ్రేకు తొక్కి వదలండి. చక్రం పట్టేసి ఉన్నప్పుడే క్యాలిపర్ బ్లీడ్ స్క్రూ పావు చుట్టు వదలండి.

ఆయిల్ చిమ్మి చక్రం వదిలేసిందా, లోపల ఒత్తిడి ఇరుక్కుంది. చాలాసార్లు తప్పు రబ్బరు గొట్టానిదే. పైకి బాగానే ఉంటుంది, లోపలి పొర లేచి కవాటంలా పనిచేస్తుంది. తొక్కిన బలానికి ఆయిల్ వెళ్తుంది, తిరిగి రాదు. ముందు చక్రాలు రెండింటివీ కలిపి మార్చండి. స్క్రూ వదిలినా చక్రం వదలకపోతే పిస్టన్ గానీ, జారే పిన్నులు గానీ పట్టేశాయి. పిన్నులకు సిలికాన్ గ్రీజే రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది.

గాలి తీసేటప్పుడు పెడల్‌ను అడుగు దాకా తొక్కకండి. ఇన్నేళ్లుగా మాస్టర్ సిలిండర్ సీలు పైభాగంలోనే తిరిగింది. కింది భాగంలో తుప్పు, మడ్డి ఉంటాయి. సీలు వాటి మీదికి వెళ్లి చిరుగుతుంది, గాలి తీసిన మర్నాడే పెడల్ మెల్లగా దిగిపోతుంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టండి.

#18 వోల్ట్‌మీటర్

బ్రేక్ ఆయిల్ కూడా కొత్తది పోయండి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం నీరు పీల్చుకుంటే ఆ కనీసం 155కి పడిపోతుంది. అలా పట్టేసే చక్రం దగ్గర ఆ వేడి రావడం పెద్ద కష్టం కాదు, అప్పుడు పెడల్ గాలిని తొక్కినట్టుంటుంది. డాట్ 3, డాట్ 4 ఒకే జాతివి. డాట్ 5 సిలికాన్‌ది, వాటితో కలపకూడదు.

#19 కొత్తపానా

ఫేసింగ్ అయింది, 0.12 తీశారు, ఎత్తు హద్దులోనే ఉంది. సీళ్లు మార్చాను, కిరోసిన్ నిలబడింది. థర్మోస్టాట్ 88 అని ఉంది, నీళ్లు మరుగుతున్నా సగంలోనే ఆగిపోయింది, కారణం దొరికినట్టే. పాత హెడ్ బోల్టులు చూడటానికి బాగున్నాయి. అవే వాడొచ్చా?

#20 టార్క్‌రెంచ్

మాన్యువల్‌లో బిగింపు చివర "ఇన్ని డిగ్రీలు తిప్పాలి" అని ఉంటే కొత్తవే వేయండి. ఆ రకం బోల్టు బిగించేటప్పుడే సాగుతుంది, ఆ సాగుడే హెడ్‌ను స్ప్రింగులా నొక్కి పట్టేది. పాతదాన్ని కొత్తదాని పక్కన పెట్టి చూడండి, మర దగ్గర సన్నబడి ఉంటుంది.

బ్లాక్‌లో బోల్టు రంధ్రాలు అడుగు మూసుకుని ఉంటే వాటిలో ఆయిల్, కూలెంట్ చుక్క కూడా ఉండకూడదు. బోల్టు దిగుతుంటే ద్రవానికి దారి ఉండదు, అది నొక్కుకుని బ్లాక్ పగులుతుంది. రెంచ్ టిక్ మంటుంది కానీ హెడ్ మీద బిగువు ఉండదు. గాలితో ఊది, పుల్లకు గుడ్డ చుట్టి అడుగు దాకా తుడవండి. మరలకు, తల కిందికి మాన్యువల్ చెప్పినట్టే ఆయిల్ గానీ పొడిగా గానీ. ఆయిల్ రాయమన్న చోట పొడిగా వేస్తే అదే టార్క్‌కు బిగువు తక్కువ వస్తుంది.

గాస్కెట్ కింద పైన ఏ జిగురూ రాయకండి. టైమింగ్ కవర్, బ్లాక్ కలిసే మూలల్లో మాత్రం, మాన్యువల్ చెప్పి ఉంటే, 3 మిల్లీమీటర్ల సన్న గీత సిలికాన్. ఎక్కువ రాస్తే లోపలికి పొంగిన పురి తెగి ఆయిల్ ఛాంబర్‌లో పడి, ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడుతుంది.

బిగింపు మధ్య నుంచి బయటికి, మాన్యువల్ వరసలోనే, దఫదఫాలుగా. డిగ్రీల దఫాకు ముందు ప్రతి బోల్టు తల మీద ఒకే దిశలో పెయింటు చుక్క పెట్టండి. 90 డిగ్రీలు తిప్పాక చుక్కలన్నీ ఒకే వైపు చూడాలి. ఏది మర్చిపోయారో అదే కనిపిస్తుంది.

#21 పాతబండి

హెడ్ పని అయ్యేలోపు ఎలాగూ ముందు భాగమంతా విప్పి ఉంటుంది కాబట్టి రెండు విషయాలు. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలనుకుంటే ముందు పోసే బోల్టు విప్పి చూడండి, తర్వాతే కింది బోల్టు. ఉన్న ఆయిల్ కాస్తా కారిపోయాక పై బోల్టు గుండ్రంగా తిరిగిందంటే బండి కదలదు.

లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్చే వాళ్లు బోల్టును చక్రం గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించవద్దు. రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది, తిరగదు, మెలిపడుతుంది. వేలాడే స్థితిలో బిగిస్తే బండి కిందకు దించిన క్షణం నుంచి రబ్బరు మెలిపడే ఉంటుంది, కొద్ది నెలల్లో చిరుగుతుంది. ఆర్మ్ కింద జాకీ పెట్టి మామూలు ఎత్తుకు లేపి, అప్పుడు బిగించండి.

#22 కొత్తపానా

బిగించాను, క్రాంక్ చేత్తో రెండు చుట్లు తిప్పాను, గుర్తులు కలిశాయి. ఇంధనం ఆపి సెల్ఫ్ కొడితే ఆయిల్ లైట్ ఆరింది, తర్వాత స్టార్ట్ చేశాను. హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి గాలి మొత్తం తీశాను. కంప్రెషన్: 176, 174, 170, 172. వణుకు చాలావరకు పోయింది.

కానీ ఐడిల్ 1,100 దగ్గర ఎగుడుదిగుడుగా ఉంది. పీ0171 (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని చెప్పే కోడ్) వచ్చింది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) ఐడిల్‌లో ప్లస్ 17, 2,500 ఆర్‌పీఎం దగ్గర ప్లస్ 4. ఆక్సిజన్ సెన్సర్ మార్చాలా?

#23 వోల్ట్‌మీటర్

సెన్సర్ నిజమే చెబుతోంది. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, ఆర్‌పీఎం పెంచితే తగ్గిందంటే థ్రాటిల్ దాటాక ఎక్కడో దొంగగాలి. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ, అందులో ఈ గాలి వంతు పెద్దది. ఆర్‌పీఎం పెరిగితే అదే చిల్లు లెక్కలోకి రాదు. దీనికి తిరగబడి, ఆర్‌పీఎంతో పాటు ట్రిమ్ పెరిగితే అప్పుడు ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, గాలి కొలిచే సెన్సర్ మురికి చూడాలి.

ఇప్పుడే ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి బిగించారు కాబట్టి దాని గాస్కెట్, బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపల చేరే ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపేది) చూడండి. ఒక్కో గొట్టాన్ని ప్లయర్‌తో మెత్తగా నొక్కుతూ స్కానర్‌లో షార్ట్ టర్మ్ ట్రిమ్ చూస్తూ ఉండండి. నొక్కగానే అంకె దిగితే ఆ దారిలోనే ఉంది. వేడి ఎగ్జాస్ట్ మీద మండే స్ప్రేలు కొట్టకండి.

#24 కొత్తపానా

పీసీవీ గొట్టం నొక్కగానే అంకె దిగింది. మానిఫోల్డ్ కింద వంపు దగ్గర, చెయ్యి వెనక్కి పెట్టి తడిమితే తప్ప తెలియని చోట, రెండు సెంటీమీటర్ల చీలిక. రబ్బరు మెత్తబడి వేలికి నల్లగా అంటుతోంది. పీసీవీ వాల్వు ఊపితే చప్పుడు లేదు, మడ్డితో బిగుసుకుపోయింది.

రెండూ కొత్తవి వేశాను. ఐడిల్ 780. ట్రిమ్ ప్లస్ 2.

#25 పాతబండి

మంచిది. స్కానర్‌లో పాత ట్రిమ్ లెక్క చెరిపేసి ఇంకోసారి చూసుకోండి. రేపు పొద్దున చల్లారిన ఇంజిన్ మీద కూలెంట్ మట్టం చూసి, ట్యాంకు మీద గీత పెట్టండి. ఇప్పుడున్న ఆయిల్‌లో విప్పినప్పుడు పడిన కూలెంట్, మసి ఉంటాయి. 300 కిలోమీటర్లు తిప్పి, ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి. పాత ఫిల్టర్ కోసి మడతలు విప్పి వెలుగులో పట్టి చూసి, మెరుపు కనిపిస్తే ఫోటో ఇక్కడ పెట్టండి.